పరుగు పుస్తకం రాసే పద్ధతి: పరుగు, రోజు, కల పక్కపక్కనే

ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చక్కబెట్టుకుంటూ, తెల్లవారుజామున గంటో గంటన్నరో పరుగెత్తేవాళ్లు మన ఊళ్లలో ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు పరిసరాలు, విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు ఆదివారం వచ్చిందంటే చీకటి ఉండగానే వీళ్లతో సందడిగా ఉంటాయి. వీళ్లలో ఎక్కువమంది చేతికి గడియారం ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారో, ఏ పేస్‌లో (కిలోమీటరుకు ఎంత సమయం చొప్పున) పరుగెత్తారో, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో అది పూసగుచ్చినట్టు చెబుతుంది. రాత్రి నిద్ర మూడుసార్లు చెడిందని కూడా చెప్పవచ్చు గానీ, చంటిపాపకు జ్వరం వచ్చి చెడిందో, ఆఫీసులో మర్నాడు జరగబోయే సమీక్ష తలచుకుని చెడిందో అది చెప్పలేదు. పరుగే వృత్తిగా లేని మనిషికి కాళ్లు ఒకరోజు తేలికగా, మరొకరోజు బరువుగా ఎందుకుంటాయో చెప్పే కారణాలు చాలావరకు పరుగు బయటే ఉంటాయి. అందుకే చేత్తో రాసుకునే పుస్తకం ఒకటి ఉండాలనీ, అందులో పరుగు, ఆ రోజు బతుకు, రాత్రి వచ్చిన కల పక్కపక్కనే ఉండాలనీ నేను గట్టిగా నమ్ముతాను. కల సంగతి కొందరికి వింతగా తోచవచ్చు గనుక దాని గురించే కాస్త వివరంగా చెబుతాను.

పుస్తకం ఎలా ఉండాలి

రెండు వందల పేజీల మామూలు నోటు పుస్తకం చాలు. తెరిచినప్పుడు ఎడమ పేజీని రాత్రికి, కుడి పేజీని పగటికి కేటాయించండి. ఎడమవైపు నిద్రపోయిన సమయం, లేచిన సమయం, కల ఉంటాయి. కుడివైపు పరుగు, రోజు ఉంటాయి. లక్ష్యాలను చివరి పేజీల నుంచి వెనక్కి రాసుకుంటూ రావాలి. పుస్తకం, దానిలో దూర్చిన పెన్సిలు తలగడ పక్కనే ఉండాలి. ఫోనులో రాసుకోవడం సులువని కొందరంటారు. కానీ ఫోను తెరవగానే నాలుగు సందేశాలు కంటపడతాయి, వాటితో కల చెదిరిపోతుంది. అలారం కోసం కూడా ఫోనుకు బదులు చిన్న గడియారం పెట్టుకోగలిగితే మరీ మంచిది.

కలను పట్టుకోవడం

నిద్ర రాత్రంతా ఒకే తీరున సాగదు. దాదాపు 90 నిమిషాలకొకసారి తిరిగి వచ్చే చక్రాలుగా సాగుతుంది. ప్రతి చక్రంలోనూ మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉంటుంది, దాన్నే రెమ్ నిద్ర అంటారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ 1953లో దీన్ని లోకానికి వెల్లడించారు. స్పష్టమైన, కథలా సాగే కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. తొలి జాములో కొద్ది నిమిషాలే ఉండే ఈ దశ తెల్లవారే కొద్దీ నిడివి పెరుగుతూ పోతుంది. ఇప్పుడు రన్నర్ సంగతి చూడండి. పదకొండింటికి పడుకుని నాలుగున్నరకు అలారం పెట్టుకున్నవాడిని ఆ అలారం సరిగ్గా కలలు దట్టంగా ఉండే వేళలో లేపుతుంది. కల మధ్యలో మెలకువ వచ్చినవాడికి ఆ కల గుర్తుంటుంది. పరుగు మొదలుపెట్టాక కలలు ఎక్కువయ్యాయని చాలామంది అనడానికి ఇదొక ముఖ్య కారణం. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దవాళ్లు అంటుంటారు. ఆ వేళ వచ్చే కల మిగతావాటికంటే పదిలంగా గుర్తుండిపోతుంది గనుకే దానికి అంత విలువ వచ్చిందని నా అభిప్రాయం.

మెలకువ రాగానే కదలకుండా, కళ్లు తెరవకుండా ఒక నిమిషం అలాగే ఉండండి. చివరగా కనిపించిన దృశ్యాన్ని పట్టుకుని, దానికి ముందు ఏం జరిగిందో, అంతకు ముందు ఏం జరిగిందో వెనక్కి వెళ్లండి. తర్వాత లేచి కూర్చుని, జరుగుతున్నట్టుగానే వర్తమానంలో రాయండి: "నేను పరుగెత్తుతున్నాను, రోడ్డు మీద ఎవరూ లేరు" అన్నట్టు. చోటు, మనుషులు, చేతిలో ఉన్న వస్తువు, అన్నిటికంటే ముఖ్యంగా మనసులో ఉన్న భావం రాయాలి. పొంతన లేని చోట పొంతన కుదర్చవద్దు, అర్థం చెప్పవద్దు. ఐదు వాక్యాలు చాలు. కొద్ది నిమిషాలు ఆలస్యమైతే కల చాలావరకు కరిగిపోతుంది కాబట్టి మొహం కడుక్కోవడం కూడా ఆ తర్వాతే. కల గుర్తు లేకపోతే "గుర్తు లేదు" అని రాసి, లేచినప్పుడు మనసెలా ఉందో ఒక్క మాటలో రాయండి. అలా రాస్తూ పోతే కొద్ది వారాల్లోనే గుర్తుండే కలల సంఖ్య పెరుగుతుంది.

నా పుస్తకంలో ఉన్న ఒక కలను ఉన్నదున్నట్టు ఇక్కడ ఇస్తున్నాను (ఇందులో బిబ్ అంటే పోటీలో ఛాతీ మీద తగిలించుకునే నంబరు కాగితం). "ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను. ఎంత ఎక్కినా దిగుడు రావడం లేదు. పైకి చేరేసరికి అక్కడ మా హైస్కూలు వరండా ఉంది. బల్ల దగ్గర కూర్చున్న ఆయన నా ఛాతీ మీదున్న బిబ్ నంబరు చూసి, ఇది కాదు, హాల్ టికెట్ ఏదీ అంటున్నారు. కాళ్లకు చూసుకుంటే బాత్రూము చెప్పులున్నాయి. భయం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది." రేసులకు వెళ్లే మిత్రులను అడిగితే ఇలాంటివే చెబుతారు. పోటీ మొదలైపోయాక స్టార్ట్ లైన్ దగ్గరికి చేరడం, ఫినిష్ లైన్ జరిగిపోతూ ఉండటం, దారి ఎవరి ఇంటి మేడమెట్లలోకో మళ్లడం, కాళ్లు బురదలో కూరుకున్నట్టు కదలకపోవడం వీటిలో తరచుగా వినిపిస్తాయి. రెమ్ నిద్రలో కనుగుడ్లు, ఊపిరి తీసే కండరాలు వంటివి తప్ప మిగతా ఒళ్లంతా దాదాపు పూర్తిగా సడలి ఉంటుంది. కాబట్టి కలలో కాళ్లు కదలలేదని మీ సాధన తగ్గిపోయిందేమోనని బెంగపడవలసిన పని లేదు.

కలతో ఏం చేయాలి

కలను జోస్యంగా చదవవద్దు. మంచి కల వచ్చిందని ఆ రోజు అదనంగా ఐదు కిలోమీటర్లు పరుగెత్తడం, చెడ్డ కల వచ్చిందని పేరు నమోదు చేసుకున్న పోటీ మానుకోవడం రెండూ సరికావు. సాయంత్రం పుస్తకం తెరిచినప్పుడు ఆ ఎడమ పేజీని రెండు ప్రశ్నలతో చదవండి. ఇందులో నిన్నటి రోజు నుంచి వచ్చిందేమిటి? ఇందులో ఉన్న దిగులుకు నేను చేయగలిగిన పని ఏదైనా ఉందా? మొదటి ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇట్టే దొరుకుతుంది. రెండో ప్రశ్న అసలు ఉపయోగం ఉన్నది. నా చెప్పుల కలకు అర్థం వెతకడం కంటే, రేసు ముందు రాత్రి షూస్, సాక్సులు, నాలుగు పిన్నీసులతో బిబ్ కుట్టినట్టు పెట్టిన టీషర్టు, వాసలైన్ డబ్బా, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక కుర్చీ మీద వరుసగా సర్దుకోవడం మేలని నేర్చుకున్నాను. ఆలస్యంగా చేరిన కల వస్తే, ఆ వేళ మెట్రో ఉంటుందో లేదో, బండి ఎక్కడ పెట్టాలో ముందే కనుక్కోండి. దిగులు పనిగా మారినప్పుడు దాని బరువు తగ్గుతుంది.

ఒకే కల మళ్లీమళ్లీ వచ్చి నిద్ర చెడగొడుతుంటే మరో పద్ధతి ఉంది. పీడకలలతో బాధపడేవారికి వైద్యులు కూడా దీన్ని నేర్పుతారు. పగటిపూట, తీరికగా కూర్చుని, ఆ కలను మీకు నచ్చిన విధంగా మార్చి రాయండి. ఫ్లైఓవరుకు దిగుడు పెట్టండి, బల్ల దగ్గరాయన చేత నీళ్ల గ్లాసు ఇప్పించండి. రాసిన కొత్త కలను రోజూ కొద్ది నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి. అయినా వారాల తరబడి పీడకలలు వదలకపోతే, పగలంతా నీరసంగా ఉంటే, డాక్టరుకు చూపించుకోవాలి.

అలారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగున్నరకు లేవడం గొప్ప కాదు, తొమ్మిదిన్నరకు పడుకోవడమే కష్టమైన పని. ఆలస్యంగా పడుకుని పెందలాడే లేచేవారు కోల్పోయేది ప్రధానంగా ఆ చివరి జాము నిద్రనే. సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. అందువల్ల రోజులో చివరి కాఫీ మధ్యాహ్న భోజనంతో సరిపెట్టుకోవడం మంచిది. ఎడమ పేజీలో ఆరు గంటలకు తక్కువ నిద్ర వరుసగా రెండు రోజులు కనిపిస్తే మూడోరోజు అలారం తీసేసి పడుకోండి. ఒక్క పరుగు మానితే శక్తి ఎక్కడికీ పోదు.

పరుగును రాయడం

దూరం, సమయం గడియారం నుంచి ఎత్తి రాసుకోవచ్చు. చేత్తో రాయవలసింది అది చెప్పలేనిది. మొదటిది శ్రమ: ఒకటి నుంచి పది వరకు అంకె వేయండి. పక్కవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగితే మూడో నాలుగో, రెండు మూడు ముక్కలకు మించి మాట రాకపోతే ఏడో ఎనిమిదో. వారంలో చాలా పరుగులు మాట్లాడగలిగే శ్రమలోనే ఉండాలి. మనలో ఎక్కువమంది రోజూ మధ్యస్థంగా ఆయాసపడుతూ, నెమ్మదైన రోజున నెమ్మదిగా ఉండలేక, వేగమైన రోజున వేగం రాక అవస్థ పడుతుంటారు. పుస్తకంలో అన్ని రోజులూ ఆరే కనిపిస్తుంటే అదే మీ సమస్య అని తెలుసుకోండి.

రెండోది నొప్పి. "మోకాలు నొప్పి" అని రాస్తే నెల తర్వాత దానివల్ల ఉపయోగం ఉండదు. కుడికాలా ఎడమకాలా, మోకాలి చిప్ప కిందా బయటి అంచునా, ఎన్నో కిలోమీటరులో మొదలైంది, ఆగితే తగ్గిందా, మర్నాడు మెట్లు దిగేటప్పుడు ఉందా అన్నది రాయాలి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన అడిగే మొదటి ప్రశ్నలివే. మూడోది ఉదయం నాడి. మంచం దిగకముందు మణికట్టు పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. మీ మామూలు అంకె తెలిశాక, అది వరుసగా కొన్ని రోజులు ఎక్కువగా ఉంటూ, నిద్ర చెడుతూ, చిన్న మాటకే చిరాకు వస్తుంటే శరీరం విశ్రాంతి అడుగుతోందని అర్థం.

మన వాతావరణానికి చెమట లెక్క తప్పనిసరి, నెలకొకసారైనా వేసుకోవాలి. పరుగుకు ముందు తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. వచ్చాక చెమట బాగా తుడుచుకుని, అలాగే మళ్లీ చూసుకోండి. ముందు 68.0 కిలోలు, తర్వాత 67.1 కిలోలు, మధ్యలో 400 మిల్లీలీటర్ల నీళ్లు తాగారనుకుందాం. తగ్గిన 900 గ్రాములకు తాగిన 400 కలిపితే గంట పరుగులో సుమారు 1.3 లీటర్ల చెమట పోయిందన్నమాట. దీన్ని మే నెలలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వేసి చూస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది. పోయినదంతా పరుగులోనే పూడ్చాలని మాత్రం అనుకోవద్దు. పరుగయ్యాక బరువు పెరిగి ఉంటే తాగవలసినదాని కంటే ఎక్కువ తాగినట్టు. మంచినీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఓఆర్ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్ మీద ఎంత నీరని రాసి ఉంటే అంతే పోయాలి.

పరుగుకు ముందు తిన్నది కూడా ఒక ముక్కలో రాయండి. రాగిజావ పడిందా, అరటిపండు పడిందా, పెసరట్టు తిన్న మర్నాడు కడుపు ఎలా ఉంది అన్నది ఎవరి ఒంటికి వారే తెలుసుకోవలసిన విషయం.

రోజును రాయడం

ఇక్కడ రెండు వాక్యాలకు మించి అవసరం లేదు గానీ, ఆ రెండూ దాపరికం లేనివై ఉండాలి. ఆఫీసులో ఎన్నింటి దాకా ఉన్నారు, బస్సులో నిలబడి వచ్చారా, ఇంట్లో ఎవరికి బాగాలేదు, ఏ మాట మనసులో గుచ్చుకుంది, ఏది సంతోషపెట్టింది అన్నవి రాయండి. మహిళలు నెలసరి ఎన్నో రోజో రాసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే కొందరికి ఆ రోజులను బట్టి నిద్రా శ్రమా రెండూ మారతాయి, రాయకపోతే ఆ తేడాను తమ లోపంగా పొరబడతారు. చీకట్లో ఒంటరిగా పరుగెత్తవలసి వచ్చినప్పుడు ఏ వీధిలో దీపాలు లేవో, ఎక్కడ కుక్కలు వెంటపడ్డాయో కూడా రాస్తే మరుసటి వారం దారి మార్చుకోవడానికి పనికొస్తుంది. రాత్రి షిఫ్టులో పనిచేసేవారు తేదీని పట్టించుకోకుండా, నిద్రలేచిన క్షణం నుంచి మళ్లీ పడుకునే దాకా ఒక రోజుగా లెక్కించి రాయాలి.

లక్ష్యాలు ఈ పుస్తకంలోంచే రావాలి

పక్కింటాయన హాఫ్ మారథాన్ రెండు గంటల లోపు పరుగెత్తాడు గనుక నేనూ పరుగెత్తాలి అన్నది లక్ష్యం కాదు, అది ఆయన పుస్తకంలోని పేజీ. మీ లక్ష్యం పెట్టుకునే ముందు గడచిన ఎనిమిది వారాలు తిరగేయండి. వారానికి నాలుగు రోజులు అనుకుని నిజంగా ఎన్ని రోజులు వెళ్లగలిగారు? ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే ఎక్కువ దూరం పరుగు) ఎన్నిసార్లు పెళ్లిళ్లకు, ఊరి ప్రయాణాలకు పోయింది? మూడు రోజులే కుదురుతున్నాయంటే మూడు రోజులతో సాధించగలిగిన లక్ష్యమే మీది. అందులో చిన్నతనమేమీ లేదు.

సమయం అంచనాకు పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు ఇచ్చిన సూత్రం బాగా పనికొస్తుంది. తెలిసిన దూరానికి పట్టిన సమయాన్ని, రెండు దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచగా వచ్చిన సంఖ్యతో గుణించాలి. పది కిలోమీటర్లు 60 నిమిషాల్లో పరుగెత్తే మనిషికి 21.0975 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ ఈ లెక్కన సుమారు 2 గంటల 12 నిమిషాలు పడుతుంది. ఇది తగినంత సాధన చేసినవారికి, చదునైన దారిలో, చల్లని వేళ వర్తించే అంచనా. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఉక్కపోత ఉంటుంది, ఫ్లైఓవర్లుంటాయి, అందుకని దానికి మరికొన్ని నిమిషాలు కలుపుకోవలసిందే. జనవరిలో ముంబయిలో వచ్చిన సమయాన్ని పట్టుకుని ఆగస్టు హైదరాబాదును తూచడం మీకు మీరు చేసుకునే అన్యాయం.

ఒక పోటీకి మూడు లక్ష్యాలు రాసుకోండి. అన్నీ కలిసొస్తే చేరగలిగేది ఒకటి, మామూలు రోజున చేరేది ఒకటి, ఏదీ కలిసిరాని రోజున కూడా తృప్తినిచ్చేది ఒకటి. ఉదాహరణకు హాఫ్‌కు 2 గంటల 15 నిమిషాలు మొదటిది అనుకుంటే కిలోమీటరుకు సుమారు 6 నిమిషాల 24 సెకన్లు పడుతుంది. ఆ పేస్‌ను ముందే సాధనలో చూసి ఉండాలి. రెండోది రెండున్నర గంటలు కావచ్చు. మూడోది సమయంతో సంబంధం లేకుండా, చివరి రెండు కిలోమీటర్లు నడవకుండా ముగించడం కావచ్చు. వీటితో పాటు మీ చేతిలోనే ఉన్న లక్ష్యం ఒకటి ఉండాలి, వారానికి రెండుసార్లు పిక్కల కండరాలకు వ్యాయామం, పదింటి లోపు నిద్ర వంటిది. వారం దూరాన్ని కొద్దికొద్దిగా, పదో వంతుకు మించకుండా పెంచడం పాత సూత్రం. అందరికీ అచ్చంగా సరిపోకపోయినా, ఉత్సాహంలో ఒక్కసారిగా రెట్టింపు చేసి మడమ నొప్పి తెచ్చుకునేవారికి అది మంచి కళ్లెం. నాలుగో వారం దూరం తగ్గించడం కూడా ముందే రాసిపెట్టుకోండి.

సమయంతో ముడిపడని లక్ష్యాలను నేను తక్కువగా చూడను. కూతురితో కలిసి ఆమె మొదటి ఐదు కిలోమీటర్లు పూర్తి చేయించడం, చక్కెర మందు మోతాదు డాక్టరు తగ్గించేంత ఆరోగ్యం తెచ్చుకోవడం, భీమిలి దాకా సముద్రం పక్కన ఒకసారి పరుగెత్తడం వంటివి రాసుకున్నవారు ఏళ్ల తరబడి పరుగు మానకపోవడం చూశాను.

నెలకోసారి చదవడం

రాసినంత మాత్రాన చాలదు. నెలాఖరున ఒక సాయంత్రం రెండు రంగు పెన్సిళ్లతో కూర్చోండి. నొప్పి ఉన్న చోట ఎర్రగీత, పరుగు హాయిగా సాగిన చోట పచ్చగీత గీయండి. తర్వాత గీతలకు అటూ ఇటూ ఉన్న మూడు రోజులు, ఎడమ పేజీతో సహా చదవండి. ఆఫీసులో త్రైమాసిక లెక్కలు ముగించే వారాల్లో నాకు పరీక్షల కలలు, పిక్కలు పట్టేయడం, ఉదయం నాడి పెరగడం కలిసి కనిపించాయి. ఏది దేనికి కారణమో తేల్చనక్కరలేదు, మూడింటికీ మూలం ఒకటే కావచ్చు. ఆ వారాల్లో దూరాన్ని సగానికి తగ్గించుకుంటే సరిపోతోంది. ఇది ఏ యాప్ చెప్పలేదు, పక్కపక్కనే ఉన్న పేజీలే చెప్పాయి. అయితే పరుగులో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలుగా ఉండని ఆయాసం వస్తే పుస్తకంలో రాసుకుని ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పోటీకి చివరి రెండు మూడు వారాల్లో దూరం తగ్గుతుంది, ఖాళీ దొరికిన మనసు లేనిపోని నొప్పులు వెతుకుతుంది, వింత కలలూ ఎక్కువవుతాయి. అప్పుడు పాత పచ్చగీతలు చదవండి. ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం చాలామందికి మామూలే గనుక, అంతకు ముందు రెండు మూడు రాత్రులు నిండుగా నిద్రపోయేలా చూసుకోండి. పోటీ అయిన రోజే, ధ్రువపత్రంలోని సమయం చూడకముందే, మీకు గుర్తున్నట్టుగా పరుగంతా కుడి పేజీలో రాయండి. ఎక్కడ తొందరపడ్డారు, ఎవరి మాట ఊతమిచ్చింది, ఎన్నో కిలోమీటరులో మనసు వెనక్కి లాగింది అన్నవి మర్నాటికే మారిపోతాయి. కొత్త లక్ష్యాన్ని మాత్రం రెండు వారాల దాకా రాయవద్దు. ఆ రెండు వారాలూ ఎడమ పేజీ నింపుతూ, కాళ్ల అలసట తీరినప్పుడు నెమ్మదిగా పరుగెత్తితే చాలు.